నర్మద అడిగిన అర్ధగంట

నర్మదకు కోపం ఎక్కువ అంటారు మా మిల్లులో. నిజమే. కానీ ఆ కోపం మనుషుల మీద తక్కువ, మిషన్ల మీద ఎక్కువ. ప్రింటర్ కాగితం మింగితే దాని తాతముత్తాతల్ని లేపి మరీ తిడుతుంది. తిడితే అది బాగవుతుందా అని ఎవరో అడిగితే, "దానికి కాదు, నాకు బాగైతది" అంది. నేను నీలాంబికను. అదే ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఆమె బల్లకు ఎదురుబల్ల నాది. ఆమె తిట్లు విని విని, ఇంట్లో కన్నడం మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో నా నోట అవే వస్తున్నాయి.

ఆమె తల్లి మార్కెట్ యార్డులో రాలిన గింజలు ఊడ్చి, చెరిగి బతికిన మనిషి. నర్మద ఆ కుప్పల మధ్యే పెరిగింది. ఇంటర్ అయ్యాక సంగారెడ్డిలో కంప్యూటర్ కోర్సు చేసి, మా మిల్లులో చిట్టీలు కొట్టే పనికి చేరింది. కంప్యూటర్ పాడైనప్పుడల్లా హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా ఆగలేక తనే విప్పడం మొదలుపెట్టింది. విప్పినవన్నీ మళ్లీ అతుక్కోలేదు. రెండు మానిటర్లు ఆమె చేతిలోనే పోయాయి, ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఒప్పుకోదు. అయినా ఏళ్లు గడిచేసరికి ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఆమె చేతి కిందికి వచ్చాయి. ఎవరైనా "నా బర్రె" అన్నట్టు ఆమె "నా నెట్‌వర్క్" అంటుంది. అన్నీ పాతవే. కొత్తవి కొనమంటే మా సేట్ అమృతప్ప, "నడుస్తున్నయి గదా" అంటాడు.

మా మిల్లు ఖేడ్ ఊరి బయట, కంగ్టి రోడ్డు మీద ఉంది. సోయ, కంది, పెసర కొంటాం. గేటు బయటే ధర్మకాంటా. రైతు ట్రాలీ ముందు కాంటా ఎక్కాలి, కంప్యూటర్ తూకం చిట్టీ కొట్టాలి, ఆ చిట్టీ చూపిస్తేనే గేటు తెరవాలి. ఒకప్పుడు చేతిరాత చిట్టీలతో ఎవరో దొంగ తూకాలు చేశారని సేట్ పెట్టిన నియమం ఇది. కాంటా గదిలో కూర్చుని, గేటు తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగే ధర్మేందర్‌కు ఆ నియమం తప్ప వేరే దేవుడు లేడు.

ఈ ముచ్చట దసరా మరునాటిది. సోయ కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. పొద్దున నేను వచ్చేసరికే ట్రాలీలు రోడ్డు పక్కన వరసకట్టి ఉన్నాయి. కర్ణాటక దిక్కు నుంచి మొగులు నల్లగా లేస్తోంది. సోయ తడిస్తే నల్లబడుతుంది, ముక్కిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ కొనరు. అందుకే డ్రైవర్లు బండి దగ్గర కంటే ఆకాశం కిందే ఎక్కువసేపు నిలబడుతున్నారు.

కాంటా కంప్యూటర్ ధర్మేందర్‌ను లోపలికి రానివ్వడం లేదు. పాస్‌వర్డ్ తప్పు అంటోంది. నా కంప్యూటర్ నన్ను రానిచ్చి, కాసేపటికి బయటికి నెట్టేసింది. గోదాము గుమాస్తాది మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. నర్మద అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి ఇంటివాళ్లతో బోరంచ పోయి, రెండు రోజుల సెలవు తర్వాత అప్పుడే వచ్చింది. నుదుట పెట్టిన బండారి పసుపు కూడా చెరగలేదు. చెప్పులు విడవకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంది.

రోడ్డు వైపు కిటికీ దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. పేరు కిష్టవ్వ, కంగ్టి అవతలి పల్లె. భర్త లేడు. ఉన్న చేను తనే చేస్తుంది. ఆ ఏడు పండిన సోయ మొత్తం కిరాయి ట్రాక్టర్‌లో వేసుకుని చీకటితోనే బయలుదేరి వచ్చింది.

"ఏంది బిడ్డా, మిషన్ మొండికేసిందా?"

"చిన్న లొల్లి అవ్వా. అర్ధగంట."

"కాదంటె ఇప్పుడే చెప్పు. ఖేడ్‌ల ఇంకో సేట్ ఉన్నడు, ఆడికి తీస్కపోత. బండి మీద కప్పే తాడిపత్రి చిరిగింది. మొగులు చూస్తివా ఎట్లున్నదో?"

"నేను చెప్తున్న గద అవ్వా. అర్ధగంటల నీ బండి కాంటా మీదుంటది. ఎటూ పోకు."

కిష్టవ్వ ఆమె మొహం ఒకసారి తేరిపార చూసి, తల ఊపి వెళ్లి ట్రాలీ నీడన కూర్చుంది. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అని నాకు అప్పుడే అనిపించింది. కానీ నర్మద గొప్పకు పోయే మనిషి. తన నెట్‌వర్క్ తనకు లొంగదని పదిమందిలో ఒప్పుకోవడం ఆమెకు చేతకాదు.

ముందు సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టింది. మార్పు లేదు. ధర్మేందర్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. కాంటా కంప్యూటర్ దాన్ని తప్పు అంది. విసుగుతో ధర్మేందర్ కిందటేడు వాడి మార్చేసిన పాతది కొడితే, రమ్మని తలుపు తీసింది! లోపలికి పోయాక చిట్టీల ప్రోగ్రామ్ మొండికేసింది. తేదీ సరిగా లేదట. చూస్తే కంప్యూటర్ మూలన ఎన్నో ఏళ్ల కిందటి తేదీ కనిపిస్తోంది. నర్మద తేదీ సరిచేసింది. కళ్ల ముందే అది మళ్లీ వెనక్కి పోయింది.

"నేను మార్చిన పాస్‌వర్డ్ దీనికి తెలుస్తలేదు, పాతది గుర్తున్నది. నేను పెట్టిన తారీకు ఉంచుతలేదు, పాతదే పెట్టుకుంటుంది" అంటూ ఉరికి వచ్చి తన బల్ల ముందు కూలబడింది. "దీనికి ఇంకెవరో చెప్తున్నరక్కా."

బయట హారన్లు మొదలయ్యాయి. ఒక డ్రైవర్ గేటు పట్టుకుని ఊపుతున్నాడు. నల్లటి తెర మీద నర్మద ఏదో టైపు చేసింది. జవాబు వచ్చింది. మామూలుగా మిషన్‌ను తిట్టే మనిషి నోరు మూసుకుని కూర్చుంటే నాకు భయం వేసి, లేచి పక్కకు వెళ్లాను.

"అక్కా, పెద్దది బతికింది."

మా ఆఫీసులో సర్వర్లు రెండు. పాతదాన్ని పెద్దది అంటాం, తర్వాత కొన్నదాన్ని చిన్నది అంటాం. మిగిలిన కంప్యూటర్లలోకి ఎవరిని రానివ్వాలి, ఎవరి పాస్‌వర్డ్ ఏది, ఇప్పుడు టైమెంత అన్నవి సర్వరే చెప్పాలి. ఆ పెద్దరికమంతా మొదటినుంచీ పెద్దదాని చేతిలో ఉండేది. కిందటేడు ఎండాకాలంలో అది పొగ వచ్చి ఆగిపోయింది. దాన్ని అడిగి తీసుకునే వీలు లేకపోయింది గనుక, నర్మద ఆ పెద్దరికాన్ని దాని ప్రమేయం లేకుండానే గుంజి చిన్నదానికి కట్టబెట్టింది. అలా చేశాక పెద్దది మళ్లీ ఎప్పుడూ లేవకూడదు. లేస్తే, తన పెద్దరికం పోయిన సంగతి దానికి తెలియదు. నేనే పెద్ద అంటుంది. చిన్నది కూడా నేనే పెద్ద అంటుంది. ఊరికి ఇద్దరు సర్పంచులైనట్టు, ఏ కంప్యూటర్ ఎవరిని అడిగితే దానికి ఆ జవాబు వస్తుంది. పైగా ఇన్నాళ్లు ఆగిపోయి ఉన్న పెద్దదాని గడియారం ఏ కాలంలో ఉందో దానికే తెలియదు.

"అది సేట్ క్యాబిన్‌ల మూలకు పడి ఉన్నది గద, ఎట్ల లేచింది?" అన్నాను.

క్యాబిన్‌కు తాళం ఉంది. అద్దంలోంచి ఇద్దరం తొంగి చూశాం. మూలన ఎర్రటి గుడ్డ మీద పెద్ద సర్వర్. బంతిపూల దండ, పసుపు, కుంకుమ బొట్లు, ముందు ఆరిన దీపం. ముందు భాగాన పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. నాకు అప్పుడు అర్థమైంది. ఆయుధపూజ నాడు మావాళ్లలో ఆగి ఉన్న మిషన్‌కు పూజ చేయరు. తిప్పి, నడిపి, నడుస్తున్నప్పుడే బొట్టు పెడతారు. ఆ రోజు ఆఫీసులో నా కంప్యూటర్‌కు నేనూ అలాగే పెట్టాను. సేట్ తన క్యాబిన్ పూజ ఇంటివాళ్లతో విడిగా చేసుకున్నాడు. మిల్లు పెట్టిన కొత్తలో కొన్న మొదటి మిషన్ అది. పాత సామానుకు వేయడానికి ఆయనకు మనసు రాలేదు. పూజ లేకుండా ఉంచడానికి అంతకంటే రాలేదు.

నర్మద ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సేట్ బసవకల్యాణ్‌లో చుట్టాల ఇంట్లో ఉన్నాడు.

"సేట్, మీ క్యాబిన్‌ల పెద్ద సర్వర్ చాలూ ఉన్నది."

"చూసినవా నర్మదా!" ఆయన గొంతులో పట్టలేని సంతోషం. "నువ్వు చచ్చిపోయిందంటివి. బీదర్‌ల బాగు చేయించిన. దీపం పెట్టంగనే గర్రుమని లేచింది."

"దాన్ని ఇప్పుడే బంద్ చేయాలె సేట్. తాళం ఎవరి దగ్గర ఉంది?"

"బ్యాడ బ్యాడ, వద్దు! దసరా ఎనుక వచ్చే శీగి పున్నమి దాకా పూజల ఉంటది. దాన్ని ముట్టొద్దు. తాళం నా దగ్గరనే ఉంది, పొద్దుగూకినంక వస్త."

"బయట బండ్లు ఆగినయి సేట్, మొగులు..."

"ఈడ మందిల ఉన్న, ఏం వినిపిస్తలేదు. మళ్ల చేస్త."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. నర్మద ఫోన్‌ను బల్ల మీద బోర్లించి, "తప్పు నాదేనక్కా" అంది. "చచ్చింది అని చెప్పిన గని, లేపొద్దు అని చెప్పలే. చచ్చినదాన్ని ఎవ్వలు లేపుతరు అనుకుంటి?"

నాకు సేట్ మీద మండింది. దేవుడి మీద కూడా కొంచెం మండింది, దాచుకోవడం ఎందుకు. తాళం పగలగొడదాం అన్నాను. నర్మద తల అడ్డంగా ఊపి, చటుక్కున లేచింది.

"బంద్ చేయొద్దన్నడు గద, బంద్ చేయం. దాన్నే ఇంట్లకెళ్లి వేరు పెడదాం."

క్యాబిన్ లోపలినుంచి పెద్దదాని కేబుల్ గోడలోంచి వచ్చి, మా గదిలో బల్ల కింద కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌లో కలుస్తుంది. ఆ కేబుల్ పీకేస్తే పెద్దది నడుస్తూనే ఉంటుంది, పూజలోనే ఉంటుంది, కానీ దాని మాట ఎవరికీ వినపడదు. చెప్పడానికి సులువే. బల్ల కింద చూస్తే దుమ్ము పట్టిన నీలం కేబుళ్లు జడలు కట్టి ఉన్నాయి. ఏది ఎక్కడిదో రాసిన చీటీలను ఎలుకలు ఎప్పుడో తినేశాయి. నర్మద కొంగు బిగించి కిందికి దూరింది. నేను తెర ముందు కూర్చున్నాను. ఆమె ఒకటి పీకుతుంది, నేను చూసి చెప్పాలి.

"ఇది?"

"నా కంప్యూటర్ పోయింది."

"ఇది?"

"కెమెరాలు పోయినయి. మళ్ల పెట్టు."

గాలి లేచింది. ఆవరణలోని పొట్టు గదిలోకి వచ్చి కళ్లలో పడుతోంది. ధర్మేందర్ కిటికీ దగ్గరికి ఉరికి వచ్చాడు. "అక్కా, గా కంగ్టి అవ్వ అడుగుతుంది, ఉండాల్నా పోవాల్నా అని."

"అయిపోయింది, ఉండమను!" బల్ల కింది నుంచే అరిచింది నర్మద.

అయిపోలేదు. ఇంకా ఎన్నో పీకి పెట్టాక, ఒకటి లాగితే నల్ల తెర మీద పెద్దదాని పేరు మాయమై, చిన్నది ఒక్కటే జవాబిచ్చింది. నేను గట్టిగా కేక వేశాను. నర్మద బూజు నిండిన తలతో బయటికి వచ్చి, ఒక్క నిమిషం కూడా ఆగకుండా కాంటా గదికి పరుగెత్తింది. నేనూ వెనకాలే పోయాను.

కానీ కాంటా కంప్యూటర్ రెండు రోజులు పెద్దదాని మాట విని ఉంది. ఇప్పుడు చిన్నది పిలిస్తే నమ్మడం లేదు. దాన్ని నెట్‌వర్క్‌లోంచి తీసేసి, తేదీ దిద్ది, మళ్లీ కొత్తగా చేర్చుకోవాలి. దానికి రెండుసార్లు ఆపి మొదలుపెట్టాలి. ఆఫీసులో అన్నిటికంటే ముసలి కంప్యూటర్ అది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, తిరుగుతూనే ఉన్నాయి. నర్మద మౌస్ మీద చెయ్యి పెట్టి, పళ్లు బిగించి నిలబడింది. నేను అటు చూడలేక బయటికి చూస్తే, రోడ్డంతా మసకబడింది.

కాంటా గది రేకుల మీద టపటపమని నాలుగు చుక్కలు పడ్డాయి. బయట ఒకడు చొక్కా విప్పి ట్రాలీ మీద కప్పుతున్నాడు. చొక్కాతో ట్రాలీ కప్పబడుతుందా! నర్మద తల తిప్పి వాణ్ణి చూసింది. గేటు లోపల మా షెడ్డు చూసింది. పొడవాటి రేకుల షెడ్డు, సగానికి పైగా ఖాళీ.

"అక్కా, వీళ్లకు ఇప్పుడు చిట్టీ కావాల్నా, కప్పు కావాల్నా?"

నేను జవాబు చెప్పేలోపే ధర్మేందర్ ముందుకు వెళ్లి చెయ్యి చాపింది. "తాళం ఇటియ్యి."

"చిట్టీ ఏదక్కా?"

"చిట్టీ లేదు. బండ్లు షెడ్డు కింద నిలబడతయి. గింజ దించం, మిషన్ లేచినంక ఒక్కొక్కటి కాంటా ఎక్కుతది. ఇయ్యి."

"సేట్ నన్ను ఉంచుతడా? నా నౌకరి పోతది."

"నర్మద గుంజుకున్నది అని చెప్పు."

అని నిజంగానే గుంజుకుంది. నడుముకు కట్టిన తాడుతో సహా. తాడు తెగి ధర్మేందర్ అలాగే నిలబడిపోయాడు. పెద్ద పలకనప్పుడు పెద్దరికం గుంజుకోక తప్పదని ఆ మిషన్ల దగ్గర నేర్చుకున్నదే. మనుషుల దగ్గర చేయడానికి ఆమెకు ఇంతసేపు పట్టింది.

గేటు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ లోపలికి వచ్చాయి. చివరి రెండు బండ్ల మీద పైపైన తడిసింది గాని లోపలికి దిగలేదు. వాటిని హమాలీలు, డ్రైవర్లు కలిసి షెడ్డు కిందికి నెట్టారు. షెడ్డు నిండాక వాన దబదబా కురిసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను. నర్మద మాత్రం వానలోనే నిలబడి ఒక్కొక్క బండినీ చూస్తోంది.

"కంగ్టి అవ్వ ఏది?"

 ధర్మేందర్ నోరు విప్పాడు. "అయిపోయింది ఉండమన్నదని చెప్పిన. కొద్దిసేపు ఉన్నది. మళ్ల వచ్చి నిన్ను అడిగింది. నువ్వు బల్ల కిందనే ఉంటివి. ఇగ బండి మళ్లించుకోని ఖేడ్ దిక్కు పోయింది. ఇప్పుడే అక్కా, వాన కంటే కొంచెం ముందుగాల."

నర్మద స్కూటీ తీసింది. ఆ వానలో ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేను వెనక ఎక్కాను. ఈ వయసులో నాకు ఇది అవసరమా అని దారంతా సణిగాను కానీ ఆమెకు వినపడలేదు. హెల్మెట్ కూడా లేకుండా వానను చీల్చుకుంటూ పోతోంది. రోడ్డు పక్క ప్రతి ట్రాక్టర్ దగ్గరా స్కూటీ నెమ్మదించడం, కాదని తెలిసి మళ్లీ ఉరకడం. చిరిగిన తాడిపత్రి కింద తడిసి ముద్దైన సోయ నా కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. ఆమె కళ్ల ముందు ఏముందో అడగలేదు.

ఊరి మొదట్లోని పెట్రోల్ బంకులో, పైకప్పు కింద ట్రాక్టర్ ఆగి ఉంది. ట్రాలీ చుట్టూ నేల పొడిగా ఉంది. నర్మద దిగి, ట్రాలీలో చెయ్యి పెట్టి మోచేతి దాకా గింజలోకి దింపింది. పొడిగా ఉన్నాయి. కిష్టవ్వ పంపు పక్కన గద్దె మీద కూర్చుని ఎవరో ఇచ్చిన చాయ్ తాగుతోంది. వాన వస్తుందని బంకువాళ్లే చెయ్యి ఊపి లోపలికి పిలిచారట. డీజిల్ పోయించుకుంటావా అని కూడా అడగలేదట.

నర్మద ఆమె ముందు నిలబడింది. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి.

"అవ్వా, రా. బండి మళ్లించు. గేటు తెరిచిన."

"మిషన్ మంచిగైందా బిడ్డా?"

"ఇంకా కాలే. అయితుంది."

"మరి చిట్టీ లేంది గేటు ఎట్ల తెరుస్తివి?"

"నేనే తెరిచిన. చిట్టీ లేకుంటనే తెరిచిన."

కిష్టవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు కోపం లేదు. తెలియక అడుగుతున్న మనిషిలా నర్మద మొహంలోకి చూసింది.

"అంటె, పొద్దుగాలనే తెరువొస్తుండె గద బిడ్డా."

నర్మద వెళ్లి ట్రాలీ మీది చిరిగిన తాడిపత్రిని లాగి సరిచేసింది.  వాన వెలిసేదాకా ముగ్గురం ఆ కప్పు కిందే ఉన్నాం. వెలిశాక కిష్టవ్వ ట్రాక్టర్ ఎక్కి ఊళ్లోని ఇంకో సేట్ దగ్గరికి పోయింది.

మేం తిరిగి వచ్చాక కాంటా కంప్యూటర్ దారికొచ్చింది, బండ్లన్నీ తూకమయ్యాయి. సేట్ వచ్చి తాళం సంగతి విని కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు, తర్వాత మరిచిపోయాడు. ఇప్పుడు మొగులు కనిపిస్తే మా గేటు ముందే తెరుచుకుంటుంది, చిట్టీ తర్వాత కొడతారు. సోయ కాలంలో కంగ్టి దిక్కు నుంచి ట్రాక్టర్ చప్పుడైతే నర్మద చేతిలో పని వదిలి కిటికీ దగ్గరికి పోతుంది. కిష్టవ్వ బండి మళ్లీ మా మిల్లుకు రాలేదు.